వెతికితే దొరకని వార్త: గూగుల్ అప్‌డేట్లూ, దళిత మీడియా

కులం పేరు పెట్టి నలుగురిలో తిడితే ఏ సెక్షన్ కింద కేసు పెట్టాలి? హాస్టల్లో ఉండే విద్యార్థికి ఈ ప్రశ్న వస్తే ముందు అడిగేది లాయరును కాదు, చేతిలో ఉన్న ఫోన్‌ను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని 3(1)(ఆర్), 3(1)(ఎస్) సెక్షన్ల గురించి, 14566 హెల్ప్‌లైన్ గురించి సూటిగా చెప్పే పేజీ మొదటి మూడు నాలుగు ఫలితాల్లో ఉంటే ఆ విద్యార్థికి దారి దొరుకుతుంది. అదే పేజీ నలభయ్యో స్థానానికి జారిపోతే ఉన్నా లేనట్టే. దాని చోట ‘ఈ చట్టం దుర్వినియోగమవుతోంది’ అనే చర్చే ముందు కనబడవచ్చు. అందుకే సెర్చ్ ర్యాంకును సైటు నడిపే నలుగురి సాంకేతిక తలనొప్పిగా వదిలేయలేం. మన మాట ఎవరికి చేరుతుంది, ఎవరికి చేరదు అన్నది చాలావరకు అక్కడే తేలుతోంది.

గూగుల్ ఏడాదికి కొన్నిసార్లు తన ర్యాంకింగ్ పద్ధతిని పెద్ద ఎత్తున మారుస్తుంది. వీటిని కోర్ అప్‌డేట్లు అంటారు. 2024లో మార్చి, ఆగస్టు, నవంబర్, డిసెంబర్ నెలల్లో నాలుగు వచ్చాయి. మార్చి నాటిది పూర్తికావడానికి 45 రోజులు పట్టింది. 2025లో వచ్చినవాటిలో మార్చి నాటిది ఒకటి, జూన్ 30న మొదలై జూలై 17 దాకా సాగినది మరొకటి. ఆ వారాల్లో సైట్ల స్థానాలు పైకీ కిందకీ ఊగుతాయి. పెద్ద పత్రికలకు ఇలాంటప్పుడు చూసుకునే ప్రత్యేక సిబ్బంది ఉంటారు. చిన్న దళిత సైట్లలో వార్త రాసేదీ, ఫొటో పెట్టేదీ, సర్వర్ బిల్లు కట్టేదీ తరచూ ఒకే మనిషి. ఆ మనిషి ఈ ఊగిసలాటను ఎలా అర్థం చేసుకోవాలి, ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఈ వ్యాసం.

ర్యాంకు వెనక ఎవరున్నారు

ముందు ఒక భ్రమ పోవాలి. ర్యాంకు అనేది నిజానికి వేసే మార్కు కాదు. ఒక పేజీకి ఎవరు లింకు ఇచ్చారు, చూసినవాళ్లు దేన్ని నొక్కారు, ఆ సైటుకు ఎంత పేరుంది అనే వందల సంకేతాలను కలిపి వేసే అంచనా అది. అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన గుత్తాధిపత్య కేసులో, 2023 విచారణలో గూగుల్ ఉపాధ్యక్షుడు పాండు నాయక్ సాక్ష్యం చెప్పారు. ‘నావ్‌బూస్ట్’ అనే వ్యవస్థ 13 నెలల క్లిక్కుల సమాచారాన్ని ర్యాంకింగ్‌లో వాడుకుంటుందని ఆ సాక్ష్యంతో బయటపడింది. 2024 మేలో బయటికొచ్చిన గూగుల్ అంతర్గత పత్రాల్లో ‘సైట్ అథారిటీ’ అనే అంశం కూడా కనిపించింది. ఆ పత్రాలు తమవేనని కంపెనీ ఒప్పుకుంది, వాటిని సందర్భం లేకుండా చదవొద్దని చెప్పింది.

ఇప్పుడు ఈ సంకేతాలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూద్దాం. లింకులు ఇచ్చేది ఎక్కువగా పెద్ద మీడియా సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ సైట్లు. ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 121 న్యూస్‌రూమ్ నాయకత్వ స్థానాల్లో 106 అగ్రవర్ణాల వారివే. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. మన వార్తను తీసుకుని, ఆధారం చూపకుండా తమ వార్తగా వేసుకునే న్యూస్‌రూమ్‌లు మనకు లింకు ఇస్తాయని ఎలా అనుకుంటాం? ఇక క్లిక్కుల సంగతి. 2016 రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు రజతం గెలిచిన రోజుల్లో ఆమె కులమేమిటని గూగుల్‌లో వెతికినవాళ్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. సమాజం వెతికేదాన్ని చూసి యంత్రం నేర్చుకుంటుంది. అల్గారిథమ్‌లో కులం రాసి ఉందని మేము అనడం లేదు. లింకుల్లోనూ క్లిక్కుల్లోనూ ఉన్న కులం దానికి చాలు అంటున్నాం.

కంపెనీ లోపలి వాతావరణం కూడా గుర్తుంచుకోవాల్సిందే. 2022 ఏప్రిల్‌లో దళిత చరిత్ర మాసం సందర్భంగా గూగుల్ న్యూస్ ఉద్యోగుల కోసం ఈక్వాలిటీ ల్యాబ్స్‌కు చెందిన తేన్మొళి సౌందరరాజన్ ప్రసంగం ఏర్పాటైంది. కొందరు ఉద్యోగులు అభ్యంతరం చెప్పాక దాన్ని రద్దు చేశారు. ప్రసంగాన్ని ఏర్పాటు చేసిన సీనియర్ మేనేజర్ తనూజా గుప్తా ఆ తర్వాత రాజీనామా చేశారు. కులవివక్షకు తమ దగ్గర చోటు లేదని, ఈ ప్రసంగం ఉద్యోగుల మధ్య చీలిక తెస్తోందని కంపెనీ వివరణ ఇచ్చింది. దీన్నిబట్టి ర్యాంకింగ్‌లో కుట్ర ఉందని తేల్చలేం. వార్తల్ని ప్రపంచానికి చూపించే గదుల్లో కులం గురించి మాట్లాడటమే ఎంత కష్టమో మాత్రం తెలుస్తుంది.

ఒకే జ్వరం, వేర్వేరు రోగాలు

పాఠకులు తగ్గిన ప్రతిసారీ ‘మనల్ని తొక్కేశారు’ అనుకోవడం సులువు. కొన్నిసార్లు అది నిజం కూడా కావచ్చు. కానీ రుజువు లేకుండా అంటే రేపు రుజువుతో చెప్పినా ఎవరూ నమ్మరు. అందుకే ముందు రోగం ఏమిటో తేల్చుకోవాలి.

మొదటిది, సాంకేతిక లోపం. సర్వర్ ఆగిపోవడం, సైటు కొత్త రూపంలోకి మార్చినప్పుడు పొరపాటున ‘నోఇండెక్స్’ గుర్తు మిగిలిపోవడం, పాత లింకులు తెగిపోవడం ఇందులోకి వస్తాయి. సెర్చ్ కన్సోల్‌లో ఇండెక్సింగ్ నివేదిక చూస్తే గంటలో తెలిసిపోతుంది.

రెండోది, మనిషి చూసి వేసిన శిక్ష. దీన్ని మాన్యువల్ యాక్షన్ అంటారు. అలా జరిగితే సెర్చ్ కన్సోల్‌లో నోటీసు ఉంటుంది, సరిదిద్దుకుని పునఃపరిశీలన కోరవచ్చు. కోర్ అప్‌డేట్‌లో పడిపోతే నోటీసూ ఉండదు, అప్పీలూ ఉండదు. ఈ తేడా తెలియక నెలల తరబడి లేఖలు రాస్తూ కూర్చునే పరిస్థితి రాకూడదు.

మూడోది, తొలగింపు. ఎవరో తప్పుడు కాపీరైట్ ఫిర్యాదు పెట్టి పేజీని ఫలితాల్లోంచి తీయించవచ్చు. లేదా ఐటీ చట్టం 69ఏ కింద ప్రభుత్వం పేజీని నిలిపివేయించవచ్చు. 2009 నాటి నిబంధనలు ఆ ఉత్తర్వులను గోప్యంగా ఉంచమంటాయి కాబట్టి కారణం మనదాకా రాకపోవచ్చు. ఒకే పేజీ రాత్రికి రాత్రి పూర్తిగా మాయమైతే, మిగతావన్నీ యథాస్థానంలో ఉంటే అది అప్‌డేట్ పని కాకపోయే అవకాశమే ఎక్కువ. అప్పుడు పిలవాల్సింది సాంకేతిక నిపుణుణ్ని కాదు, లాయరును.

నాలుగోది, స్థానం మారకుండానే క్లిక్కులు తగ్గడం. గూగుల్ 2024 ఆగస్టులో మన దేశంలో ఏఐ ఓవర్‌వ్యూలను ఇంగ్లీషు, హిందీ భాషల్లో మొదలుపెట్టింది. జవాబు పైనే కనిపిస్తే పాఠకుడు కిందికి రాడు. సైటు రెండో స్థానంలోనే ఉంటుంది, మనుషులు మాత్రం రారు. అలాగే 2025 సెప్టెంబరులో, ఒకే పేజీలో వంద ఫలితాలు చూపించే సదుపాయాన్ని గూగుల్ తీసేశాక చాలా సైట్లకు సెర్చ్ కన్సోల్‌లో ఇంప్రెషన్లు తగ్గాయి. వాటిలో చాలావరకు ఆ సదుపాయంతో ఫలితాలు తోడుకునే యంత్రాల చూపులని సెర్చ్ నిపుణులు విశ్లేషించారు. క్లిక్కులు నిలకడగా ఉండి ఇంప్రెషన్లు మాత్రమే పడిపోతే కంగారుపడాల్సింది లేదు.

ఈ నాలుగూ కాదని తేలాకే అల్గారిథమ్ అప్‌డేట్ దగ్గరికి రావాలి.

మన క్యాలెండర్‌తో లెక్క చూడాలి

అప్‌డేట్ నడుస్తుండగా ఏమీ మార్చకపోవడమే మంచిది. గూగుల్ తన సెర్చ్ స్టేటస్ డాష్‌బోర్డ్‌లో మొదలైన తేదీ, ముగిసిన తేదీ ప్రకటిస్తుంది. ముగిశాక కనీసం ఒక వారం ఆగి, అప్‌డేట్‌కు ముందు వారాన్ని తర్వాతి వారంతో పోల్చమని దాని సూచన. రెండో స్థానం నుంచి నాలుగుకు జారితే పెద్ద మార్పులు అక్కర్లేదని, నాలుగు నుంచి ఇరవై తొమ్మిదికి పడితే సైటు మొత్తాన్నీ పరిశీలించుకోమని కూడా అదే చెబుతోంది.

సలహా మంచిదే, కానీ మన సైట్లకు ఒక సవరణ కావాలి. మనకు పాఠకులు వచ్చే రోజులు వేరు. ఏప్రిల్ 14, డిసెంబర్ 6, జనవరి 17, జూలై 17, ఆగస్టు 6. అంబేద్కర్ జయంతి, వర్ధంతి, రోహిత్ వేముల మరణించిన రోజు, కారంచేడు, చుండూరు. 2024 నవంబర్ అప్‌డేట్ డిసెంబర్ 5న ముగిసింది. మర్నాడే అంబేద్కర్ వర్ధంతి. తర్వాతి వారం లెక్క చూసిన సైటుకు ‘కోలుకున్నాం’ అనిపించి ఉంటుంది. అది వర్ధంతికి వచ్చిన జనం కావచ్చు. 2025 జూన్ అప్‌డేట్ ముగిసిన జూలై 17 కారంచేడుకు సరిగ్గా నలభై ఏళ్లు నిండిన రోజు. ఆ వారం కారంచేడు వ్యాసాలకు వచ్చిన పాఠకులను చూసి ర్యాంకు గురించి ఏమీ తేల్చలేం. అందుకే వారాన్ని వారంతో పోల్చడంతో ఆగకుండా పోయిన ఏడాది అదే వారంతో కూడా పోల్చాలి. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలే దాస్తుంది. నెలకోసారి దించుకుని మన దగ్గర పెట్టుకోకపోతే రెండేళ్ల కిందటి సంగతి తెలుసుకునే దారి ఉండదు.

పేజీలను మూడు కుప్పలుగా విడదీయడం ఇంకో పద్ధతి. ఘటనల వార్తలు, చట్టం-హక్కుల వివరణలు, చరిత్ర-విశ్లేషణ వ్యాసాలు. ఘటన వార్తకు వారం తర్వాత పాఠకులు తగ్గడం సహజం. దాన్ని పతనం అనుకోకూడదు. హక్కుల వివరణ పేజీ పడిపోతే మాత్రం ఆగి చూడాలి, ఎందుకంటే ఏ రోజైనా ఎవరికైనా అవసరమయ్యేది అదే. వారానికి నలభై క్లిక్కులు వచ్చే పేజీలో పది తగ్గితే 25 శాతం పతనం అని గ్రాఫ్ భయపెడుతుంది. ఇంత చిన్న సంఖ్యల దగ్గర శాతాలను నమ్మకూడదు.

పడిపోయిన పేజీని మనమే చదవాలి

లెక్క తేలాక పడిపోయిన పేజీని కొత్త పాఠకుడిలా చదవాలి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మన పేజీ ఇంకా పాత సెక్షన్లే చెబుతోందా? ఎఫ్‌ఐఆర్ నమోదుకు సీఆర్‌పీసీ 154 అనే ఉందా, బీఎన్‌ఎస్‌ఎస్ 173 అని మార్చామా? వర్గీకరణపై 2004 నాటి చిన్నయ్య తీర్పుతోనే ఆగిపోయామా, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసిన సంగతి, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చిన సంగతి చేర్చామా? ఈ సవరణలు గూగుల్ కోసం కాదు. పాత సెక్షన్ నంబరు పట్టుకుని స్టేషన్‌కు వెళ్లిన మనిషిని రైటర్ వెనక్కి పంపిస్తే ఆ బాధ్యత మనది. ర్యాంకు తిరిగి వచ్చినా రాకపోయినా ఈ పని చేయాల్సిందే. లోపల ఏమీ మార్చకుండా పైన తేదీ మాత్రం మార్చడం పాఠకుణ్ని మోసం చేయడమే. గూగుల్ మార్గదర్శకాలు కూడా దాన్ని తప్పుగానే చూస్తాయి.

తెలుగు సైట్లకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. యూనికోడ్ రాకముందు, వచ్చాక కూడా చాలాకాలం డీటీపీలో అను, శ్రీలిపి ఫాంట్లే నడిచాయి. ఆ ఫైళ్లను అలాగే పీడీఎఫ్ చేసి పెడితే కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అర్థంకాని గుర్తులు. నిజనిర్ధారణ నివేదికలు, కరపత్రాలు ఫొటోలుగా మాత్రమే ఉంటే వెతికినవాళ్లకు దొరకడం కష్టం. మన ఉద్యమాల తొలినాళ్ల సాహిత్యంలో పెద్ద భాగం ఈ స్థితిలోనే ఉంది. వాటిని యూనికోడ్‌లో టైపు చేసి పెట్టడం ఏ అప్‌డేట్ సలహా కంటే విలువైన పని. విద్యార్థి సంఘాలు ఊరికి ఒక నివేదిక చొప్పున పంచుకున్నా ఏడాదిలో చాలా తేలుతుంది.

ఇక పేర్లు. చుండూరును ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాస్తారు. చాలామంది తెలుగువాళ్లు తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుతారు. పేజీ చిరునామాలో, సారాంశంలో ఆ రూపాలు సహజంగా ఒకటి రెండు ఉంటే మేలు. వరసగా ఇరవై రూపాలు కుక్కితే అది స్పామ్ అవుతుంది. ఒక ఘటన మీద పదేళ్లుగా రాసిన ముప్పై వార్తలు విడివిడిగా పడి ఉండే బదులు, తేదీల క్రమంలో ఒక పేజీ చేసి అన్నిటినీ దానికి కలపాలి. చుండూరుపై అలాంటి పేజీ ఉంటే 1991 ఆగస్టు 6 నుంచి 2007 ప్రత్యేక కోర్టు తీర్పు, 2014లో హైకోర్టు నిర్దోషులుగా విడుదల చేయడం దాకా ఒకేచోట కనబడుతుంది. అది పరిశోధకులు లింకు ఇవ్వదగ్గ పేజీ.

ఆశ చూపే దారులు

ర్యాంకు పడినప్పుడే బేరగాళ్లు వస్తారు. వెయ్యి లింకులు ఇంత ధర అంటారు. మీ సైటులో ఒక మూల మా పేకాట యాప్ వ్యాసం పెడితే నెలకు ఇంత ఇస్తామంటారు. సర్వర్ బిల్లు కట్టలేని స్థితిలో ఈ మాటలు తియ్యగా వినిపిస్తాయి. 2024 మార్చిలో గూగుల్ తెచ్చిన స్పామ్ నిబంధనల్లో సైటు పేరును ఇలా అద్దెకివ్వడమూ, ర్యాంకు కోసం యంత్రంతో కుప్పలు తెప్పలుగా వ్యాసాలు తయారుచేయడమూ ఉన్నాయి. దొరికితే సైటు మొత్తం మునుగుతుంది. అంతకన్నా ముఖ్యం, అప్పులపాలై చనిపోయిన కుటుంబం గురించి రాసిన పేజీ పక్కనే పేకాట ప్రకటన ఉంటే మన మాటకు విలువేముంటుంది?

ఇంకో చిక్కు దీనికంటే లోతైనది. 2022 డిసెంబరులో గూగుల్ తన నాణ్యతా మార్గదర్శకాల్లో నైపుణ్యం, అధికారికత, విశ్వసనీయతలకు ‘అనుభవం’ కూడా చేర్చింది. రాసింది ఎవరో, వారికి ఆ విషయంలో ఉన్న అనుభవమేమిటో స్పష్టంగా ఉండాలన్నది దాని సారం. అనుభవమే కొలమానమైతే వెలివాడ గురించి మనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? కానీ ఊళ్లో జరిగిన దాడి గురించి రాసిన యువకుడు అసలు పేరు, ఫొటో, ఊరు పెట్టగలడా? పెడితే మర్నాడు ఇంటి మీదికి ఎవరొస్తారో తెలియదు. ర్యాంకు కోసం రచయితను ప్రమాదంలోకి నెట్టకూడదు. సంపాదకవర్గం పేరుతో బాధ్యత తీసుకోవచ్చు. వార్తను ఎలా నిర్ధారించుకున్నామో, తప్పు దొర్లితే ఎలా దిద్దుతామో, మారుపేర్లు ఎందుకు వాడతామో ఒక పేజీలో రాసి పెట్టవచ్చు. జీవో నంబరు, తీర్పు తేదీ, బాధితుల వివరాలు తీసేసిన పత్రం నకలు చూపించవచ్చు. నమ్మకం పేరుతో మాత్రమే రాదు, చూపించిన ఆధారంతోనూ వస్తుంది.

ప్రకటన వేయని పత్రిక, చూపించని పేజీ

1920 జనవరి 31న అంబేద్కర్ మూక్‌నాయక్ మొదలుపెట్టారు. ఛత్రపతి సాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు దానికి ఆసరా. ఆ పత్రిక ప్రకటనను, డబ్బు చెల్లిస్తామన్నా, కేసరి వేసుకోలేదు. 1931లో హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ భాగ్యనగర్ పత్రిక నడిపినప్పుడూ పెద్ద పత్రికలు దారి చూపలేదు. పాఠకుడి దగ్గరికి వెళ్లే దారి ఇతరుల చేతిలో ఉండటం మనకు కొత్త కాదు. ఇప్పుడా చేయి ఒక్కటే, అదీ ప్రపంచమంతటా ఒక్కటే.

ఆ చేతిని ప్రశ్నించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. సెర్చ్ ఫలితాల్లో పక్షపాతం చూపిందని 2018 ఫిబ్రవరిలో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 135.86 కోట్ల జరిమానా వేసింది. 2022 జనవరిలో డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ ఫిర్యాదు మీద విచారణకు ఆదేశించింది. 2024 ఆగస్టు 5న అమెరికా జడ్జి అమిత్ మెహతా, సెర్చ్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని తీర్పు చెప్పారు. అయితే మన దగ్గర ఈ కేసుల్లో వాదించేది పెళ్లి సంబంధాల సైట్లు, పెద్ద మీడియా సంస్థలు. ఆదాయ వాటా వాళ్ల సమస్య. ఎస్సీ, ఎస్టీ, ఆదివాసీ, బహుజన మీడియాకు అప్పీలు హక్కు, పతనానికి కారణం తెలుసుకునే హక్కు అన్నవి ఇంకా ఎవరి పిటిషన్‌లోనూ ముందుకు రాలేదు. న్యాయ విద్యార్థులు పట్టుకోవాల్సిన అంశం ఇది.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది మనం చేయాలి. ఒకరి వార్తను మరొకరు తీసుకున్నప్పుడు లింకు ఇవ్వడం మన సైట్లలో నియమం కావాలి. పీహెచ్‌డీ సిద్ధాంతవ్యాసం రాసే విద్యార్థులు పెద్ద పత్రికలో వచ్చిన రెండో వార్తను కాక, మొదట రాసిన దళిత సైటును ఉదహరించాలి. నమ్మి చదివే రెండు వేల మంది ఈమెయిల్ చిరునామాలు, జిల్లాలవారీ వాట్సాప్ బృందాలు ఉంటే ఏ అప్‌డేట్ వచ్చినా అక్కడికి వార్త చేరుతుంది. హక్కుల వివరణ పేజీలను ముద్రించి హాస్టల్ నోటీసు బోర్డుల మీద అంటించడానికి ఏ అల్గారిథమ్ అనుమతీ అక్కర్లేదు. సైటు మొత్తం నకలు వేరే చోట భద్రంగా ఉండాలి.

ర్యాంకు చూసి ఏం రాయాలో నిర్ణయించుకోవడం మొదలుపెడితే, పాఠకులు తక్కువని ముందు ఆపేసేది మారుమూల పల్లె వార్తనే. ఆ వార్త మనం రాయకపోతే అది ఏ స్థానంలోనూ ఉండదు. అప్‌డేట్ వచ్చిన వారం కూడా, లెక్కలు చూసే పని మర్నాటికి వాయిదా వేసి అయినా, ఆ వార్త ముందు రాయాలి.